కాదనేవాళ్లు కావలెను

పెట్టెల పెద్దమ్మకు తన మాటను కాదనేవాళ్లంటే ప్రాణం. ఔనన్నవాళ్ల మొహం చూడాలన్నా ఆవిడకు బద్ధకం. లోకమంతా తమ మాటకు తలూపేవాళ్ల కోసం వెతుక్కుంటూ ఉంటే, ఈవిడ మాత్రం తల అడ్డంగా ఊపేవాళ్ల కోసం కళ్లల్లో వత్తులేసుకుని కూర్చునేది. కూర్చోవడమే కాదు, ప్రకటన కూడా ఇచ్చింది.

ఆ పరాయి ఊళ్లో ఉన్న తెలుగువాళ్లందరికీ ఇంటర్నెట్లో ఒక ఫోరం ఉంది. అద్దెకు గది కావాలన్నా, పిల్లాడి ఉయ్యాల అమ్మేయాలన్నా, ఫలానా ఆఫీసులో ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలియాలన్నా అందరూ అందులోనే రాసుకుంటారు. అందులో "వ్యాపార భాగస్వాములు" అనే భాగంలో, అన్నిటికంటే పైన, గోడకు కొట్టిన మేకులా ఏళ్ల తరబడి పెద్దమ్మ ప్రకటన ఉండేది.

"పెట్టెలు, సూట్‌కేసులు బాగుచేసే దుకాణానికి భాగస్వామి కావలెను. పెట్టుబడి అక్కర్లేదు. అనుభవం అక్కర్లేదు. నాతో ఏకీభవించేవారు దయచేసి రావద్దు."

చూసినవాళ్లు చూసినట్టు అచ్చుతప్పనుకునేవాళ్లు. ఒకాయన ఉండబట్టలేక కింద రాశాడు: "అమ్మా, 'ఏకీభవించనివారు' అని ఉండాలనుకుంటాను."

"రాసింది రాసినట్టే ఉండాలి. అయినా తప్పు పట్టారు గనక మొదటి పరీక్ష పాసయ్యారు. రేపు రండి" అని పెద్దమ్మ జవాబు.

"క్షమించండి. పెద్దవారు, మీరన్నదే రైటు" అని ఆయన.

"ఫెయిలయ్యారు. రాకండి" అని పెద్దమ్మ.

దుకాణం బస్టాండు వెనక సందులో ఉండేది. రైలుపెట్టెలాగా సన్నగా, పొడుగ్గా ఒకే గది. రెండు గోడల వెంబడీ కప్పు దాకా సూట్‌కేసులు. కొన్నిటికి చక్రం ఊడిపోయి ఉంటుంది, కొన్నిటికి లాగే కడ్డీ సగం పైకొచ్చి ఇక రానని మొరాయించి ఉంటుంది, కొన్నిటి జిప్పులు పళ్లూడి నోరు తెరుచుకుని ఉంటాయి. వాటి మధ్యలో తోలు కుట్టే పెద్ద మిషను, దాని వెనక పెద్దమ్మ. మనిషి పొట్టి, గొంతు పొడుగు. చేతిలో దబ్బనం, పెదాల మధ్య రెండు రివెట్లు. రివెట్లు నోట్లో పెట్టుకుని కూడా స్పష్టంగా మాట్లాడగల మనిషి ఆ ఊళ్లో ఆవిడ ఒక్కతే.

"ఇదేం కోరికమ్మా? అందరూ చెప్పినమాట వినే భాగస్వామిని కోరుకుంటారు గదా" అని ఎవరైనా అడిగితే ఒకటే సమాధానం చెప్పేది.

"మా ఆయన బంగారం నాయనా. బతికున్నన్నాళ్లూ నేనేం చెప్పినా 'నీ ఇష్టం' అన్నాడు. ఆ నా ఇష్టంతోనే రెండు దుకాణాలు నిలువునా ముంచాను. ఒక్కసారి 'ఒసే, ఆగు' అని ఉంటే ఈపాటికి మేడలో కూర్చునేదాన్ని."

ఒకసారి సూటూ బూటూ వేసుకుని ఒక సలహాదారుగారు వచ్చారు. వ్యాపారాలకు సలహాలివ్వడమే ఆయన వ్యాపారం. పెద్దమ్మ ఆయనకు కుర్చీ వేసి, "దుకాణాన్ని సముద్రం మధ్యలో పడవమీద పెడదామనుకుంటున్నాను. ఏమంటారు?" అంది.

"అద్భుతమైన ఆలోచనండీ! ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు!"

"ఎందుకు తడుతుంది? అక్కడికి గిరాకీలు ఈదుకుంటూ రావాలి గదా. వెళ్లిరండి."

ఇంకొకాయన ఈ సంగతి విని, కాదనడమే బట్టీ పట్టుకుని వచ్చి, కూర్చోమంటే కూర్చోను, నీళ్లు తాగమంటే తాగను అన్నాడు. ఈ ఊళ్లో పెట్టెలకు గిరాకీ ఉంది అంటే లేదన్నాడు. మీరు వచ్చింది ఉత్తరం వైపు నుంచే గదా అంటే, కాదు, అసలు నేను రానేలేదన్నాడు. పెద్దమ్మ అతన్నీ సాగనంపింది. "కాదనడం వేరు, కాట్లాడటం వేరు" అని తీర్పు చెప్పి మళ్లీ దబ్బనం అందుకుంది.

ఇలాంటి పెద్దమ్మ దగ్గరికి ఒకరోజు మధ్యాహ్నం, చక్రం విరిగిన సూట్‌కేసు ఈడ్చుకుంటూ సరేనండి వచ్చాడు.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గాని, ఊళ్లో తెలుగువాళ్లందరికీ ఆయన సరేనండే. ఒక పెద్ద గోదాములో వచ్చే సరుకుకూ పోయే సరుకుకూ లెక్కలు రాసే ఉద్యోగం. పక్క బల్లవాడు తన పని కూడా కాస్త చూడమంటే సరేనండి. పైఇంటివాళ్లు మా పిల్లిని సెలవులయ్యేదాకా ఉంచుకోమంటే సరేనండి. ఒకసారి క్షౌరశాలలో పక్క కుర్చీవాడి కోసం చెప్పిన గుండు పొరపాటున ఈయనకు మొదలుపెడితే కూడా, మధ్యలో ఆపడం మర్యాద కాదని చివరిదాకా కూర్చున్నాడు.

ఇన్నాళ్లూ ఇది నవ్వులాటగానే గడిచింది. ఈసారి మాత్రం పీకలమీదికి వచ్చింది. గోదాము మేనేజరు పిలిచి, ఎక్కడో దూరంగా కొత్తగా పెట్టిన గోదాముకు రెండేళ్లు వెళ్లాలన్నాడు. ఒంటరిగా వెళ్లాలి, కుటుంబాలకు అక్కడ వసతి లేదు. ఇంట్లో భార్యకు నెలలు నిండుతున్నాయి. ఆ మాట చెబుదామని సరేనండి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి అలవాటైన మాటే వచ్చింది.

ఇల్లాలు విన్నది. ఏడవలేదు. ఆవిడకు ఏడవడం కంటే మాట్లాడటం బాగా వచ్చు.

"పురుడు గదిలో డాక్టరుగారొచ్చి, ఈ పిల్ల మీ పిల్ల కాదు, పక్క మంచం వాళ్లది, మార్చుకోండి అంటే కూడా మీరు అదే మాట అంటారు. ఔనా, కాదా?"

సరేనండి తల నిలువుగా ఊపబోయి ఆగాడు. ఔనంటే బాగుండదు, కాదనడం రాదు.

"సరే, ఏ ఊరు పోవాలన్నా పెట్టెకు చక్రం కావాలి గదా. బస్టాండు వెనక ఒక పెద్దావిడ బాగుచేస్తుందట. ఆవిడకు భాగస్వామి కూడా కావాలని ఫోరంలో ఉంది. అడిగి చూడండి. అది కుదిరితే ఈ గోదామే మానేయొచ్చు" అని పంపించింది.

పెద్దమ్మ పెట్టెను బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి చూసింది. తర్వాత, ఫోరంలో ప్రకటన చూసి కూడా వచ్చానని గొణిగిన సరేనండిని చూసింది. పెట్టె కంటే ఆయన్నే ఎక్కువసేపు చూసింది.

"భాగస్వామిగా కూడా వచ్చావా? అయితే అడుగుతా చెప్పు. ఒక చక్రం విరిగింది. మిగతా మూడూ కూడా పీకేస్తే నాలుగూ సమానంగా ఉంటాయి గదా?"

"సరేనండి."

పెద్దమ్మ స్క్రూడ్రైవరు తీసి మూడు చక్రాలూ పీకింది.

"చక్రాలు లేని పెట్టెకు లాగే కడ్డీ ఎందుకు? దండగ."

"అంతేనండి."

కడ్డీ ఊడింది.

"జిప్పు ఉంటేనే గదా చెడిపోయేది?"

"నిజమేనండి."

జిప్పు వచ్చేసింది. లోపలి అస్తరు గుడ్డ కూడా వచ్చేసింది. చివరికి పెద్దమ్మకే భయం వేసింది. "అబ్బాయ్, ఈ మూత కూడా..." అని ఆగి ఆయన మొహంలోకి చూసింది. ఎక్కడో ఒకచోట 'అమ్మో, వద్దు' అంటాడేమోనని ఆవిడ ఆశ. సరేనండి మర్యాదగా చిరునవ్వు నవ్వి, "మీకెలా తోస్తే అలా చేయండి" అన్నాడు.

సందుకు అవతల మందులషాపులో పనిచేసే అమ్మాయి కౌంటరు మీదికి వంగి ఇదంతా చూస్తోంది. సరేనండి ఒక చంకలో మూత, ఇంకో చంకలో అడుగుభాగం పెట్టుకుని వీధిలోకి వచ్చేసరికి నవ్వాపుకోలేక బల్ల కిందికి వంగిపోయింది.

ఇంట్లో ఇల్లాలు తలుపు తీసి ఆ రెండు డిప్పలనూ చూసింది.

"ఏమిటిది?"

"పెట్టె."

"పెట్టెకు చేయించాల్సింది రిపేరా, పోస్టుమార్టమా?"

"పెద్దావిడ ఇలా ఉంటే మంచిదన్నారు. అంత పెద్ద మనిషి చెబుతుంటే..."

"మిగతావన్నీ వెనక్కి తీసుకురండి. ఒక్క స్క్రూ కూడా తగ్గకూడదు."

దానికీ సరేనండి అలవాటు ప్రకారమే బదులిచ్చి తిరుగుముఖం పట్టాడు.

పెద్దమ్మ ఆయన కోసమే చూస్తున్నట్టు కూర్చుని ఉంది. చక్రాలు, కడ్డీ, జిప్పు, అస్తరు, స్క్రూలు అన్నీ ఒక పళ్లెంలో పోసి పక్కన పెట్టుకుంది. "ఇస్తా. ఊరికే ఇవ్వను. నా మాటను ఒకసారి కాదంటే ఒక సామాను. రోజూ గోదాము నుంచి ఇంటికెళ్లేటప్పుడు రా." మిషను మీద ఉన్న నల్లదారం కండె ఎత్తి చూపించింది. "ఈ దారం ఎర్రగా ఉంది గదూ?"

సరేనండి కండె దగ్గరికి వంగి చూశాడు. "కొంచెం... నలుపు వైపు మొగ్గిన ఎరుపండి."

"పో. రేపు రా."

మర్నాడు బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే, "వాన ఆగేదాకా కూర్చో" అంది.

"వాన... అంటే, తమరు పెద్దవారు, నాకు తెలియక అంటున్నాను, ఏమీ అనుకోనంటే... వాన పడుతున్నట్టు లేదేమోనని చిన్న అనుమానం. మీరు పడుతోందంటే మాత్రం పడుతున్నట్టే."

"నీ 'కాదు'కి కోతికున్నంత తోకేమిట్రా? దాన్ని కోసెయ్యి" అంటూనే ఒక స్క్రూ తీసి ఆయన అరచేతిలో పెట్టింది. సరేనండి దాన్ని బంగారు ఉంగరంలా జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్లాడు. ఇల్లాలు దీపం కింద పెట్టి చూసింది. "మొత్తానికి ఒక స్క్రూ బిగిసిందన్నమాట" అంది.

అలా రోజులు గడిచాయి. పెద్దమ్మ రోజుకో అబద్ధం ఆడేది. ఆవిడ అబద్ధాలకు ఒక అందం ఉండేది. ఏనుగు తోలుతో చేతిరుమాళ్లు కుడతారనేది. తనకు ఇరవై ఏళ్లు వచ్చాయనేది. నువ్వు నాకంటే పొట్టి అనేది. సరేనండి మొదట నసిగాడు, తర్వాత గొణిగాడు, ఆ తర్వాత అన్నాడు. ఒక్కో చక్రం ఇంటికి చేరింది. తోక రోజురోజుకీ కురచవుతూ వచ్చింది. ఒకనాడు పెద్దమ్మ జిప్పును చేతిలో పట్టుకుని, "ఇది నేనే ఉంచుకుంటా, నీకెందుకు?" అంటే, ఆయన చెయ్యి చాచి, "కాదు పెద్దమ్మా, అది నాది" అన్నాడు. అన్నాక ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మందులషాపులోంచి చప్పట్లు వినిపించాయి.

ఇంటికి చేరినవన్నీ ఆయన మళ్లీ మోసుకొస్తే, పెద్దమ్మ విరిగిన చక్రానికి బదులు కొత్తది వేసి, జిప్పునూ అస్తరునూ తనే కూర్చుని కుట్టి, కడ్డీ బిగించి, పెట్టెను నిలబెట్టి వేలితో ఒక్క తోపు తోసింది. నీళ్లమీద బాతులా అది గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "కూలి వద్దు. ఇది పరీక్ష సామాను" అంది. ఇస్తానని సరేనండి ఎంత పట్టుబట్టినా తీసుకోలేదు.

మర్నాడు మేనేజరు పిలిచి ప్రయాణపు టికెట్టు చేతిలో పెట్టబోయాడు. సరేనండి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నేను వెళ్లనండి" అన్నాడు.

గొంతులో తోక దురదపెట్టింది. 'తమరు పెద్దవారు', 'ఏమీ అనుకోకపోతే', 'మీరు కావాలంటే' అనే మూడూ నాలుక చివర వరసగా నిలబడ్డాయి. మూడింటినీ గుటకేశాడు.

"ఎందుకని?" అన్నాడు మేనేజరు.

"నా భార్యకు నెలలు నిండుతున్నాయి. ఆమెను వదిలి వెళ్లలేను."

మేనేజరు టికెట్టు వైపూ ఆయన వైపూ చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఆ ముక్క మొదటే చెప్పొచ్చు గదయ్యా! ఆఫీసులో అందర్నీ అడిగాను. అందరూ కుదరదన్నారు. నువ్వొక్కడివే గబుక్కున ఒప్పుకున్నావు. నీకు ఆ ఊరంటే మనసేమో అనుకున్నా. పోయి పని చూసుకో. వేరేవాళ్లను చూస్తాను."

అంతే! భూమి బద్దలు కాలేదు, ఉద్యోగం ఊడలేదు. ఇన్నేళ్లూ కొండ అనుకుని చుట్టు తిరిగి నడిచింది తీరా చూస్తే గడ్డిమోపు.

సాయంత్రం పరుగున పెద్దమ్మ దగ్గరికి వెళ్లి చెప్పాడు. ఆవిడ నోట్లో రివెట్లు తీసి పక్కనపెట్టి, ఏం జరిగిందో మాట పొల్లుపోకుండా చెప్పించుకుని, మళ్లీ ఇంకోసారి చెప్పించుకుంది. కళ్లజోడు తుడుచుకుంది.

"పాసయ్యావు. వెళ్లిరా. ఇంక ఇటు రానక్కర్లేదు."

"మరి భాగస్వామ్యం?"

"నీకు ఉద్యోగం ఉందిగా. పో, పెళ్లాం దగ్గర కూర్చో" అని ఒక పాత పెట్టె లాక్కుని పనిలో పడింది.

సరేనండి అయోమయంగా బయటికి వచ్చాడు. మందులషాపు అమ్మాయి పిలిచింది.

"అన్నయ్యా, పంపేసిందా?"

"పాసయ్యానట. పాసయితే పనిలో పెట్టుకోవాలి గాని, పంపేయడమేమిటమ్మా?"

"నన్నూ అలాగే పంపేసింది" అని ఆ అమ్మాయి నవ్వింది. "నేను ఈ ఊరొచ్చిన కొత్తలో ఒకళ్ల పైగదిలో అద్దెకుండేదాన్ని. ఇంటావిడ పిల్లల్నీ, కుక్కనీ, ఇస్త్రీ బట్టల్నీ నామీద పడేసి వెళ్లేది. వద్దనలేక, చదువు మానేసేదాకా వచ్చాను. ఒకరోజు ఫోరంలో 'ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించాలి' అంటూ ఏదో అడిగితే, పెద్దమ్మ నాకు విడిగా రాసింది. 'ఒక్క ప్రశ్నకు మూడు క్షమాపణలా? వెంటనే ఇంటర్వ్యూకి రా' అని. అంతే, నాతోనూ రోజూ ఇలాగే అబద్ధాలాడింది. నాకు గొంతు వచ్చాక, పో, పరీక్షలు రాసుకో అంది. టాక్సీ నడిపే ఆయన్నీ అంతే, పిల్లల్ని చూసుకునే ఆయమ్మనీ అంతే. ఫోరంలో ఎవరు మరీ మెత్తగా రాసినా ఆవిడ కళ్లు అక్కడ వాలతాయి."

"అయితే ఆవిడకు నిజంగా భాగస్వామి అక్కర్లేదా?"

"అక్కర్లేకేం? మోకాళ్లు అరిగిపోయాయి. పెద్ద పెట్టెలు బల్లమీదికి ఎత్తలేక నేలమీదే కూర్చుని కుడుతుంది. మొన్న రెండు పెద్ద బేరాలు వెనక్కి పంపేసింది. కానీ ఏం చేస్తాం, పనికొచ్చేవాడు తయారయ్యేసరికి, 'గొంతొచ్చిన పిట్టని పంజరంలో పెడతామా' అంటుంది."

సరేనండి అక్కడి నుంచే వెనక్కి చూశాడు. పెద్దమ్మ ఒక భారీ పెట్టెను రెండు చేతులా పట్టుకుని, మోకాలితో తోస్తూ బల్ల దాకా జరుపుతోంది. ఎత్తబోయి, ఎత్తలేక, దానిమీదే కూర్చుని ఆయాసపడింది. ఎవరైనా చూశారేమోనని వీధిలోకి చూసింది. సరేనండి అప్పటికే లోపలికి వచ్చేశాడు.

"మళ్లీ ఎందుకొచ్చావు? వెళ్లమన్నానా?"

"వెళ్లను."

"ఏమిటీ?"

"సాయంత్రాలు వస్తాను. సెలవురోజుల్లో పొద్దున్నే వస్తాను. ఫోరంలో బేరాలు మా ఇంటావిడ చూసుకుంటుంది. ఆవిడకు మాటలు బాగా వచ్చు."

"నాకెవ్వరూ అక్కర్లేదు. నా మోకాళ్లు రాళ్లలా గట్టిగా ఉన్నాయి."

"అది అబద్ధం" అన్నాడు సరేనండి. తోక లేదు. పెట్టెను ఎత్తి బల్లమీద పెట్టాడు.

పెద్దమ్మ నడుంమీద చేతులు పెట్టుకుంది. "అయితే విను. లాభంలో ముప్పాతిక నీది. పిల్లలు కలగబోయేవాడివి."

"కుదరదు. దుకాణం మీది, విద్య మీది. నాకు పావు చాలు."

"పెద్దదాన్ని చెబుతున్నా, ముప్పాతిక!"

"పెద్దవారైనా తప్పు తప్పే. పావు!"

పెట్టె తీసుకుపోదామని వచ్చిన గిరాకీ ఒకాయన వాటాల కోసం కొట్టుకుంటున్నారనుకుని గుమ్మంలోనే జంకాడు. ఎవరికి వాళ్లు తక్కువ కోసం కొట్టుకుంటున్నారని అర్థమయ్యాక, ఒక సూట్‌కేసు లాక్కుని దానిమీద తీరుబడిగా కూర్చున్నాడు. కాసేపటికి గొంతులు బొంగురుపోయి, చెరిసగం దగ్గర ఆగారు. ఇద్దరికీ అది ఓటమే కాబట్టి ఇద్దరూ మొహాలు ముడుచుకున్నారు.

పెద్దమ్మ కుర్చీలో కూలబడి, నీళ్లు తాగి, మెల్లగా అంది.

"ఇన్నేళ్లలో ఎంతమందిని పంపించానో. పొమ్మంటే పోయేవాళ్లే. ఒక్కళ్లయినా 'పోను' అంటారేమోనని చూసేదాన్ని. అడిగి అనిపించుకుంటే బాగుండదు గదా నాయనా."

సరేనండి సుత్తి అందుకున్నాడు. పెట్టె అంచున ఒక రివెట్టు నిలబెట్టాడు.

"సుత్తి అలా కాదు, పిడి చివర పట్టుకోవాలి" అంది పెద్దమ్మ, ముక్కు తుడుచుకుంటూ.

"నాకిలాగే వీలుగా ఉంది" అన్నాడు సరేనండి ధీమాగా, దెబ్బ వేస్తూ.

రివెట్టుకు తగల్లేదు. కేక విన్న మందులషాపు అమ్మాయి, ఎవరూ పిలవకముందే దూదీ కట్టుగుడ్డా పట్టుకుని వీధి దాటింది.